పైన పటారం, మధ్యలో దారి: ఐర్లండ్ గేటు లాడ్జీల సంగతి

లాడ్జి అనగానే మనకు బస్టాండు ఎదురుగా ఉండే ఇరుకు మెట్ల బిల్డింగు, దాని మీద 'రూములు అద్దెకు ఇవ్వబడును' అన్న బోర్డు గుర్తొస్తాయి. ఇంగ్లండు, ఐర్లండు పల్లెల్లో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. జమీందారీ బంగళాకు వెళ్లే దారి మొదట్లో, గేటును ఆనుకుని ఉండే చిన్న ఇల్లు. గేటు తీసి వేసే మనిషి, ఆ మనిషి కుటుంబం అందులో ఉంటారు. మన అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ గది చేసే పనే అది చేస్తుంది. తేడా ఏమిటంటే వాచ్‌మన్ గదిని మనం మెట్ల కింద, లిఫ్టు పక్కన, ఎవరికీ కనపడని చోట దాచేస్తాం. వాళ్లు దాన్ని తెచ్చి అందరికీ కనపడేలా రోడ్డు మీద పెట్టారు, పైగా గుడికి గోపురం కట్టినంత శ్రద్ధగా కట్టారు.

ఎంత శ్రద్ధగానో చూడాలంటే డ్రొమానా గేటు దగ్గరికి వెళ్లాలి. ఐర్లండ్ దక్షిణాన వాటర్‌ఫర్డ్ కౌంటీలో కపొక్విన్ అనే ఊరుంది. అక్కడికి దగ్గర్లో ఫినిస్క్ అనే చిన్న నది బ్లాక్‌వాటర్ నదిలో కలుస్తుంది. ఆ ఫినిస్క్ మీద ఒక రాతి వంతెన. చుట్టూ పచ్చిక, చెట్లు, సగం రోజులు తుంపర. వంతెన చివర ఎత్తయిన మొనదేలిన కమాను, కమాను నెత్తిన ఉల్లిగడ్డ ఆకారంలో ఆకుపచ్చ గుమ్మటం, దాని కొసన కలశం లాంటి కడ్డీ, మూలల్లో సన్నటి మినార్లు. కిటికీల పైభాగం రావి ఆకు మొనను పైకి పెట్టినట్టు ఉంటుంది. హైదరాబాదులో ఇలాంటిది కనిపిస్తే మనం రెండోసారి తల తిప్పి చూడం. ఐరిష్ పొలాల మధ్య చూస్తే మాత్రం ఇదెక్కడి నుంచి ఊడిపడిందా అనిపిస్తుంది. దీన్నక్కడ 'హిందూ-గోథిక్' శైలి గేటు లాడ్జి అంటారు. ఆ పేరులో ఉన్న గందరగోళం సంగతి తర్వాత చూద్దాం. ముందు అసలు గేటు లాడ్జి ఎందుకు పుట్టిందో చూడాలి.

మధ్యయుగాల కోటలకు గేటుహౌస్ ఉండేది. అది భయంతో కట్టిన కట్టడం: బురుజులు, కిందికి దిగే ఇనుప జల్లెడ తలుపు, పైన కాపలా సైనికులు. కోట గోడలోనే ద్వారం కాబట్టి గేటుకూ ఇంటికీ మధ్య దూరం ఉండేది కాదు. 18వ శతాబ్దానికి దొరలకు దండయాత్రల భయం తగ్గి, చూపించుకోవాలనే ఆశ పెరిగింది. ఇంటి చుట్టూ వందల ఎకరాల పార్కు వేసుకున్నారు, అడ్డొచ్చిన రోడ్లను పక్కకు మళ్లించారు, కొన్నిచోట్ల ఊళ్లనే జరిపేశారు. ఇల్లు చెట్ల వెనక్కి వెళ్లిపోయింది. ఎస్టేటు చుట్టూ ప్రహరీ లేచింది. ఇప్పుడు రోడ్డు మీద పోయేవాడికి ఏం కనిపిస్తుంది? గోడ, గోడలో ఒక గేటు, అంతే. ఇంత ఆస్తి ఉండీ ఎవరికీ కనపడకపోతే ఏం లాభం? దారి మొదట్లో ఉండే ఆ కాస్త కట్టడమే దొర తరఫున మాట్లాడాలి. గేటు లాడ్జి నిర్మాణంలో వింతగా కనిపించే ప్రతి సంగతికీ మూలం ఇదే. అది అందులో ఉండేవాళ్ల కోసం కట్టిన ఇల్లు కాదు, బయట నుంచి చూసేవాళ్ల కోసం కట్టిన ఇల్లు.

అందుకే ముందు ప్లాను చూడండి. గేటు మధ్యలో ఉంటుంది. ఒకవైపే ఇల్లు కడితే త్రాసులో ఒక తట్టే బరువెక్కినట్టు కనిపిస్తుంది. సౌష్ఠవం కావాలంటే రెండోవైపు కూడా అంతే ఇల్లు ఉండాలి. అయితే గేటు తీయడానికి రెండు కుటుంబాలు ఎందుకు? ఒక కుటుంబం చాలు. కాబట్టి చాలాచోట్ల ఒక్క ఇంటినే రెండు ముక్కలు చేసి దారికి అటొకటి, ఇటొకటి పెట్టారు. ఒకవైపు వంటగది, ఇంకోవైపు పడకగది. మధ్యలో బండ్ల దారి.

ఇది కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. రాత్రి పొయ్యి ఆర్పి, పసిబిడ్డను దుప్పట్లో చుట్టుకుని, వాన పడుతుంటే ఆ దారి దాటి పడుకోవడానికి వెళ్లడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. పొయ్యి ఒకవైపే ఉంటే పడకగదికి వెచ్చదనం లేదు. రెండువైపులా ఉంటే బొగ్గో, పీట్ అనే ఎండబెట్టిన బురదమట్టి ఇంధనమో రెండింతలు కావాలి. రెండు ఇళ్లకు ఎనిమిది బయటి గోడలు, నాలుగుపక్కలా చలి. ఒకే ఇల్లుగా కలిపి కట్టి ఉంటే లోపలి గోడలన్నా వెచ్చగా ఉండేవి.

ఈ దురన్యాయాన్ని ఎవరూ చూడలేదని కాదు. ఆ కాలంలో ఇంగ్లండులో ఉద్యానవనాల రూపకల్పనకు పెద్దపేరు హంఫ్రీ రెప్టన్ (1752–1818). ఈ జంట లాడ్జీల వాడుకను ఆయన గట్టిగానే దులిపేశాడు. ఒక్క కూలి మనిషో, గేటు తీసే ఒంటరి ముసలమ్మో ఉండే గూటిని చిన్నపిల్లల ఆటలాంటి సౌష్ఠవం కోసం రెండుగా చీలుస్తారని, చివరికి కొద్ది అడుగుల మురికి గదిలో, నలుగురికీ దూరంగా ఆ ప్రాణి మగ్గిపోతుందని రాశాడు. నీచంగా ఉన్నదానికి లేని గొప్పతనం తగిలించే ప్రయత్నమని తేల్చేశాడు. దొరల దగ్గర ఫీజు తీసుకుని బతికే మనిషి ఈ మాట అనడం చిన్న విషయం కాదు. అయినా జంట లాడ్జీలు ఆగలేదు. రోడ్డు మీద నుంచి చూస్తే అవి బాగుంటాయి మరి.

ఒక్క ఇల్లుగా కట్టిన లాడ్జీల్లోనూ తర్కం అదే. చాలావాటికి రోడ్డు వైపు మూడు పలకలుగా ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ ఉంటుంది. లోపల కూర్చున్న మనిషికి రోడ్డు రెండు దిక్కులా కనపడాలి, వచ్చే బండిని దూరం నుంచే పసిగట్టి పరుగెత్తి గేటు తీయాలి, దొర బండి ఆగకూడదు. అంటే ఆ కిటికీ వెలుతురు కోసం పెట్టింది కాదు, డ్యూటీ కోసం పెట్టింది. అదే కిటికీలోంచి రోడ్డున పోయేవాళ్లందరికీ ఇల్లంతా కనపడుతుంది. ఆరేసిన బట్టలు, వంటపాత్రలు, బాత్రూం లాంటివి ఏవీ ముందువైపు ఉండకూడదు. వాటన్నిటికీ వెనకాల ఒక ఏటవాలు షెడ్డు. సౌష్ఠవం కోసం అవసరమైతే గోడలో ఉత్తుత్తి కిటికీలు కూడా పెట్టేవారు: చట్రం ఉంటుంది, వెనక రాయే. కోట శైలిలో కట్టినవాటిలో పొగగొట్టాన్ని బురుజులా మార్చేవారు. వంట పొగ బురుజులోంచి వస్తుంటే యుద్ధం ముగిసిన కోటలా ఉండేదేమో.

గేటు చుట్టూ ఉన్న చిన్న వస్తువుల్లో నాకు బాగా నచ్చేది స్తంభాల పాదాల దగ్గర ఉండే రాయి. మోకాలెత్తున, పైకి సన్నబడుతూ, పక్కకు వాలినట్టు నిలబడి ఉంటుంది. అలంకారమనుకుంటాం. గుర్రబ్బండి లోపలికి మలుపు తిరిగేటప్పుడు చక్రం ఇరుసు చివర వెళ్లి స్తంభాన్ని గీరకుండా, చక్రమే ఈ రాయిని తగిలి పక్కకు జారుతుంది. దగ్గరికెళ్లి చూస్తే కొన్నిటి మీద చక్రాలు ఒరుసుకున్న నునుపు ఇప్పటికీ చేతికి తగులుతుంది. గేటు కూడా రోడ్డు అంచున ఉండదు. రెండు వైపుల గోడలు అర్ధచంద్రంలా వంగుతూ కాస్త లోపలికి వెళ్లాక ఉంటుంది. నాలుగు గుర్రాల బండి తిరగడానికి ఆ జాగా కావాలి, గేటు తెరిచేదాకా నిలబడటానికీ కావాలి. నడిచి వచ్చేవాళ్ల కోసం పెద్ద గేటు తెరవరు. పక్కనే ఒక మనిషి పట్టేంత చిన్న గేటు ఉంటుంది. పెద్ద ఎస్టేటుకు గేట్లు రెండు మూడు ఉంటాయి. షోకులన్నీ ముందు గేటుకే, గడ్డిబండ్లు వచ్చే వెనక గేటు లాడ్జి మామూలు పల్లె ఇల్లే.

ఇప్పుడు డ్రొమానా గుమ్మటం దగ్గరికి వద్దాం. ఐర్లండులో ఆ గుమ్మటం ఎందుకు?

అది నేరుగా ఇండియా నుంచి రాలేదు. బొమ్మల్లోంచి వచ్చింది. చిత్రకారుడు థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం 1786లో కలకత్తాలో దిగారు. ఏడేళ్లపాటు ఉత్తరాన హిమాలయాల దాకా, దక్షిణాన కన్యాకుమారి దాకా తిరిగి కోటలు, గుళ్లు, మసీదులు, సమాధులు గీశారు. ఇంగ్లండు తిరిగి వెళ్లాక 1795 నుంచి 1808 మధ్య 144 రంగుల ముద్రలుగా వాటిని అచ్చువేశారు. ఇండియాలో కాలు పెట్టని వాస్తుశిల్పులకు అదొక పెద్ద క్యాటలాగ్ అయింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో డబ్బు సంపాదించుకుని వెళ్లిన చార్ల్స్ కాకరెల్ గ్లాస్టర్‌షైర్‌లోని సెజిన్‌కోట్‌లో 1805 ప్రాంతంలో మొఘల్ పోకడలో బంగళా మొదలుపెట్టాడు. ప్లాను సొంత అన్నదమ్ముడు శామ్యూల్ పెపిస్ కాకరెల్‌ది, సలహా థామస్ డేనియల్‌ది. తోట గురించి అక్కడికి పిలిపించిన మనిషి ఎవరనుకున్నారు? పైన జంట లాడ్జీలను తిట్టిన రెప్టనే. ఆయనకు ఈ శైలి తెగ నచ్చి, బ్రైటన్‌లో యువరాజు భవనానికి భారతీయ పద్ధతిలో నమూనాలు గీసిచ్చాడు. పని మాత్రం ఆయనకు దక్కలేదు, జాన్ నాష్‌కు దక్కింది. నాష్ 1815లో మొదలుపెట్టి గుమ్మటాలతో, మినార్లతో ఇప్పుడు మనం చూసే రాయల్ పెవిలియన్ తయారుచేశాడు.

ఇక్కడ హైదరాబాదు గురించి ఒక్క మాట. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1803 ప్రాంతంలో, మూసీ ఒడ్డున బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ ఎకిలీజ్ కిర్క్‌పాట్రిక్ రెసిడెన్సీ భవనం లేపుతున్నాడు. మనం కోఠి మహిళా కళాశాలగా ఎరిగిన భవనమే. ప్లాను మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్‌ది. ఎత్తయిన గుండ్రటి స్తంభాలు, త్రికోణపు ముఖద్వారం, అంతా యూరపు పద్ధతి. అంటే ఒకే కాలంలో ఇంగ్లండు పల్లెలో మొఘల్ గుమ్మటం లేస్తుంటే, హైదరాబాదులో గ్రీకు స్తంభాలు లేస్తున్నాయి. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు.

ఇక 'హిందూ-గోథిక్' అన్న పేరు. కుతుబ్‌షాహీ సమాధులు చూసిన తెలుగువాడెవడైనా డ్రొమానా గుమ్మటాన్ని చూసి ఇందులో హిందూ ఏముంది అని అడుగుతాడు. ఉల్లిగడ్డ గుమ్మటం, మినారు రెండూ ఇస్లామీ కట్టడాల వారసత్వం. అప్పటి ఇంగ్లిషువాళ్లు ఇండియాకు సంబంధించిన ప్రతిదాన్నీ వదులుగా 'హిందూ' అనేవారు, ఆ వదులుతనమే పేరుగా మిగిలిపోయింది. రెండో సగం, అంటే మధ్యయుగాల యూరపు చర్చిల శైలి అయిన గోథిక్, అంత తప్పు కాదు. మొనదేలిన కమాను యూరపు చర్చిల్లోనూ ఉంది, మసీదుల్లోనూ ఉంది. లండన్ సెయింట్ పాల్స్ కట్టిన క్రిస్టఫర్ రెన్ అయితే గోథిక్ శైలి మొత్తం అరబ్బుల దగ్గర నేర్చుకున్నదేనని వాదించాడు. ఆ వాదన పూర్తిగా నిలబడకపోయినా, అలా అనుకునే వాతావరణంలో గోథిక్ కిటికీ మీద మొఘల్ గుమ్మటం పెట్టడం ఎవరికీ అతుకులబొంతగా అనిపించలేదు. మేనమామ పోలికలు మేనల్లుడికి వచ్చినట్టే అనుకున్నారు.

నాకు ముఖ్యంగా అనిపించేది ఇంకోటి. డ్రొమానా దొర హెన్రీ విలియర్స్-స్టూవర్ట్ తన అసలు బంగళాకు ఈ వేషం వేయలేదు. బ్లాక్‌వాటర్ ఒడ్డున కొండరాతి మీద ఉన్న ఆ ఇల్లు సాదా సీదా ఇల్లే. వింత శైలిని ఇంటి మీద ప్రయోగిస్తే ఖర్చు, నవ్వులపాలయ్యే టెన్షన్ రెండూ ఉంటాయి. గేటు మీదైతే తక్కువలో తేలిపోతుంది, నచ్చకపోతే మన గదికి ఏమీ కాదు. గ్రీకు గుడిలా, స్విస్ కుటీరంలా, చిన్న కోటలా, ఎన్ని రకాల గేటు లాడ్జీలు ఉన్నాయో చూస్తే, కొత్త ఫ్యాషన్ తొడిగి చూసే బొమ్మగా దొరలు దీన్ని వాడుకున్నారని తెలుస్తుంది. తొడుక్కుని బతకాల్సింది గేటు మనిషి.

డ్రొమానా గేటు పుట్టుక గురించి స్థానికంగా చెప్పుకునే కథ ఇంకా బాగుంటుంది. 1826లో విలియర్స్-స్టూవర్ట్ వాటర్‌ఫర్డ్ ఎన్నికల్లో నిలబడ్డాడు. తాను ప్రొటెస్టెంట్ అయినా క్యాథలిక్కుల హక్కుల పక్షాన నిలిచాడు. ఆ హక్కుల ఉద్యమ నాయకుడు డేనియల్ ఓకానెల్ మద్దతుతో, తరతరాలుగా పాతుకుపోయిన బెరెస్‌ఫర్డ్ కుటుంబపు మనిషిని ఓడించాడు. కౌలుదార్లు తమ దొరల మాట కాదని ఓటేసిన ఎన్నిక అది. అదే ఏడు వియన్నాకు చెందిన థెరీసియా పౌలీన్ ఓట్‌ను పెళ్లాడాడు. కొత్త దంపతులు హనీమూన్ నుంచి తిరిగొచ్చేసరికి కౌలు రైతులు చెక్క, గుడ్డ, కాగితపు గుజ్జుతో ఈ గుమ్మటాల గేటు చేసి నిలబెట్టారట. మన పెళ్లిళ్లలో మండపం దగ్గర వేసే థర్మోకోల్ గోపురం లాంటిదన్నమాట. దంపతులకు అది ఎంత నచ్చిందంటే తర్వాత దాన్నే రాతితో కట్టించుకున్నారు. ఆ హనీమూన్ బ్రైటన్‌లో అని కూడా చెబుతారు, పెవిలియన్ పోలిక చూస్తే నమ్మబుద్ధేస్తుంది. రాతి గేటుకు కొందరు 1830 ప్రాంతమని తేదీ వేస్తారు. మార్టిన్ డే అనే వాస్తుశిల్పి గీసిన నక్షా మీద ఉన్నది మాత్రం 1849. పెళ్లి ముచ్చటగా మొదలై, రాతిగా మారడానికి ఇరవై ఏళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు.

కథకు కొసమెరుపు చట్టం ఇచ్చింది. విలియర్స్-స్టూవర్ట్‌కు 1839లో స్టూవర్ట్ డి డీసీస్ బారన్ అనే బిరుదు వచ్చింది. 1874లో ఆయన పోయాక కొడుకు ఆ బిరుదు కోసం వెళ్తే, తల్లిదండ్రుల పెళ్లి చట్టప్రకారం జరిగినట్టు రుజువు చూపలేకపోయాడు. బిరుదు అక్కడితో ఆగిపోయింది. ఏ పెళ్లికి గుర్తుగా ఊరు గేటు కట్టిందో ఆ పెళ్లికి కాగితం లేకపోయింది. గేటు మాత్రం ఉంది.

అదే బ్లాక్‌వాటర్ లోయలో, లిస్మోర్ దగ్గర, దీనికి పూర్తిగా తలకిందుల కథ ఉంది. బ్యాలీసాగర్ట్‌మోర్. 1834 ప్రాంతంలో ఆర్థర్ కీలీ-అషర్ అనే భూస్వామి తన అన్నదమ్ముడి స్ట్రాన్‌కల్లీ కోటను చూసి ఓర్వలేక, దాన్ని మించిన కోట కట్టాలనుకున్నాడని చెబుతారు. తోట పనులు చూసే స్మిత్ చేత ముందు దారి పని మొదలుపెట్టించాడు. బురుజులతో కోట ముఖంలా ఒక గేటు లాడ్జి, వాగు మీద వంతెన, వంతెనకు రెండు చివరలా మళ్లీ బురుజుల లాడ్జీలు. అక్కడికి వచ్చేసరికి డబ్బు అయిపోయింది. కోట పునాది పడలేదు. కుటుంబం పాత ఇంట్లోనే ఉండిపోయింది. రోజూ ఆ బురుజుల కింద నుంచి బండిలో వెళ్లి మామూలు ఇంటి ముందు దిగడం ఎంత చిన్నతనంగా ఉండేదో. జాలి పడబోతాం కానీ, బంగాళదుంపల కరువు రోజుల్లో కౌలుదార్లను ఇళ్లలోంచి వెళ్లగొట్టి పేరు చెడగొట్టుకున్న దొర ఈయనే. ఆ పాత ఇల్లు కూడా ఇప్పుడు లేదు. అడవిలో నడవడానికి వచ్చేవాళ్లు వంతెన దాటి, బురుజుల మధ్య నుంచి వెళ్తారు. దారి ముందుకు సాగుతుంది, చివర ఏమీ ఉండదు.

హైదరాబాదు నవాబుల భవనాలను దేవిడీ అంటారు కదా. ఆ మాటకు అసలు అర్థం గడప, వాకిలి. వాకిలి పేరే ఇంటి పేరైంది. మనదగ్గర మాటలో జరిగింది వాళ్ల దగ్గర రాతిలో జరిగింది.

1903 చట్టంతో ఐర్లండులో ఎస్టేటు భూములు కౌలుదార్ల చేతికి రావడం వేగమైంది. 1919–23 మధ్య స్వాతంత్ర్య పోరాటం, అంతర్యుద్ధాల్లో రెండు వందలకు పైగా బంగళాలు తగలబడ్డాయి. తగలబెట్టడానికి వచ్చినవాళ్లకు గేటు లాడ్జితో పనేముంటుంది? చిన్నది, పైగా అందులో ఉన్నది తమలాంటి మనుషులే. అలా ఇల్లు పోయి గేటు మిగిలిన చోట్లు చాలా ఉన్నాయి. డ్రొమానాలో కూడా 1960ల్లో బంగళాలో పెద్ద భాగాన్ని కూల్చేశారు. అదే దశాబ్దంలో గేటుకు ఐరిష్ జార్జియన్ సొసైటీ మరమ్మతు చేయించింది. కొన్ని లాడ్జీలను ఐరిష్ ల్యాండ్‌మార్క్ ట్రస్టు బాగుచేసి సెలవులకు అద్దెకిస్తోంది. ఇప్పుడు మన అర్థంలో కూడా అవి లాడ్జీలే.

ఇంతకీ వాటిలో ఎవరుండేవారు? 1901, 1911 ఐర్లండ్ జనాభా లెక్కల కాగితాలు మిగిలాయి, గేటు కాపలాదారు అన్న వృత్తి వాటిలో కనిపిస్తుంది. ఆ లెక్కల్లో ప్రతి ఇంటికీ మార్కులు వేసేవారు. గోడలు రాయో ఇటుకో అయితే ఒకటి, మట్టివైతే సున్నా. కప్పు పలకరాయి అయితే ఒకటి, గడ్డి అయితే సున్నా. గదుల సంఖ్యకు కొన్ని. ఇంకొకటి, ముందువైపు కిటికీలు ఎన్ని ఉంటే అన్ని. మొత్తం కూడి ఇల్లు ఏ తరగతిదో తేలుస్తారు. గేటు లాడ్జికి రాతి గోడలు, పలకరాయి కప్పు ఎలాగూ ఉంటాయి, ఉన్న కిటికీలన్నీ ముందువైపే. కాబట్టి పక్కనున్న పల్లె ఇంటి కంటే మంచి మార్కులే పడేవి. వంటగదికీ పడకగదికీ మధ్య బండ్ల దారి ఉందా అని అడిగే గడి మాత్రం ఆ ఫారంలో లేదు.